బర్డ్ ఫ్లూ వచ్చిన కొత్తలో: మా గోదావరి జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తణుకు చుట్టుపక్కల ఒక హైస్కూల్లో నేను సైన్సు చెబుతాను. 2025 ఫిబ్రవరి నుంచీ నన్ను పాఠాల గురించి అడిగినవాళ్ళకంటే కోళ్ళ గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. కూరగాయల బండి దగ్గర, బస్సులో, పెళ్ళి భోజనాల్లో, పేరెంట్స్ మీటింగులో, ఎక్కడ దొరికితే అక్కడ. చలి మొదలైతే చాలు, మళ్ళీ అవే ప్రశ్నలు. ఎవరికివాళ్ళకి చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే పోతుందని కూర్చున్నాను. నేను డాక్టర్ని కాను, పశువుల డాక్టర్ని అసలే కాను. కోళ్ళ ఫారాల వాసనలో పుట్టి పెరిగి, ఏళ్ళ తరబడి సూక్ష్మజీవుల పాఠం చెబుతున్నదాన్ని. ప్రశ్నల్ని చాలావరకు జనం అడిగిన మాటల్లోనే ఉంచాను.

అసలేం జరిగిందండీ?

2025 ఫిబ్రవరి రెండో వారంలో రెండు ఊళ్ళ పేర్లు టీవీల్లో మోగిపోయాయి. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు ఒకటి, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం ఇంకొకటి. జిల్లాలు వేరైనా మండలాలు పక్కపక్కనే. అక్కడి ఫారాల్లో చచ్చిన కోళ్ళ శాంపిళ్ళు భోపాల్ ల్యాబుకి వెళ్ళాయి. హెచ్5ఎన్1 అని తేలింది. దాన్నే మనం బర్డ్ ఫ్లూ అంటున్నాం. కొద్ది రోజుల్లో ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలం బాదంపూడి పేరు కూడా చేరింది.

వైరస్ కొత్తదేమీ కాదు. 1997లోనే హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. మన దేశంలో మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్ళలో కనపడింది. మన రాష్ట్రంలోనే 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాకి వచ్చింది. అప్పుడు మనం పేపర్లో చదివి పేజీ తిప్పేశాం. నెల్లూరు మనకి దూరం కదా.

జనవరి నుంచే కోళ్ళు చస్తుంటే ఫిబ్రవరి దాకా పేరెందుకు చెప్పలేదు?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరి గొంతులోనూ కోపం వినపడుతుంది. ఆ కోపం న్యాయమే.

కోళ్ళు చావడం మన దగ్గర వింత కాదు. చలికాలంలో కొక్కెర తెగులు వస్తుంది, రానిఖెట్ అంటారు చూడండి, అది. దానికీ బర్డ్ ఫ్లూకీ పైకి కనపడే లక్షణాలు చాలావరకు కలుస్తాయి. రెండింటిలోనూ కోడి మూలకి ముడుచుకుంటుంది, మేత మానేస్తుంది, గుడ్లు పెట్టడం తగ్గిపోతుంది. బర్డ్ ఫ్లూలో జుట్టు, గొంతు కింద తోలు వాచి నీలం తిరుగుతాయి, కాళ్ళ మీద ఎర్రగా రక్తపు మచ్చలు రావచ్చు. ఒక్కోసారి అవేమీ కనపడకుండానే రాత్రి బాగున్న కోడి తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. కళ్ళతో చూసి ఏదో తేల్చడం ఎవరివల్లా కాదు. అలాంటి వైరస్‌ని పరీక్షించడానికి గట్టి భద్రత ఉన్న ల్యాబు కావాలి, అది భోపాల్‌లో ఉంది. శాంపిల్ తీయాలి, ఐసులో పెట్టి పంపాలి, ఫలితం రావాలి.

ఈలోపు పేపర్లు దానికి 'అంతుచిక్కని వైరస్' అని పేరు పెట్టేశాయి. ఆ ఒక్క మాట చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. మా వీధిలో ఆ రోజుల్లో మూడు కథలు నడిచాయి. మేతలో ఏదో కలిసిందని ఒకటి. టీకా వికటించిందని ఒకటి. రేటు పెంచుకోవడానికి ఎవరో కావాలని మందు చల్లారని మూడోది. ఈ మూడోదాన్ని నాకు చెప్పినాయన డిగ్రీ చదివాడు!

నన్నడిగితే, ఫలితం రాకముందు కూడా చెప్పగలిగిన మాటలు కొన్ని ఉంటాయి. "ఏ జబ్బో ఇంకా తేలలేదు, శాంపిల్ పంపాం. తేలేదాకా చచ్చిన కోడిని ఉత్త చేతుల్తో ముట్టుకోకండి, కాలవలో వెయ్యకండి." ఈ మాట చెప్పడానికి భోపాల్ రిపోర్టు అక్కర్లేదు. పంచాయతీ మైకులో రెండు నిమిషాల పని. మా ఊళ్ళో ఆ మైకు ఇంటిపన్ను గురించి అరిచింది గానీ దీని గురించి నోరెత్తలేదు.

రైతులు దాచారట కదా? వాళ్ళదే తప్పు కదా?

కొందరు దాచారు. ఎందుకు దాచారో కూడా వినండి.

గుడ్ల ఫారం నడవాలంటే పిల్లని తెచ్చి ఇంచుమించు ఐదు నెలలు మేపాలి. అప్పటిగ్గానీ గుడ్డు మొహం కనపడదు. ఆ ఐదు నెలల మేత చాలామందికి అరువే. గుడ్డు మొదలయ్యాక ఆ డబ్బు తిరగాలి. మన తణుకు, అనపర్తి వైపు గుడ్డు మన నోళ్ళకే కాదు, బెంగాల్‌కి, ఒడిశాకి, బీహార్‌కి, అస్సాంకి లారీల్లో పోతుంది. ఒక ఫారంలో జబ్బని పొక్కితే లారీ ఆ ఫారం ఒక్కదాన్నే వదిలిపోదు, ఆ ఊరి వైపే తిరగదు.

నాకు తమ్ముడి వరసయ్యే ఒకతనికి రెండు షెడ్లున్నాయి. జనవరి చివర్లో ఫోన్ చేసి, "అక్కా, కోడి తల వాల్చేత్తంది" అన్నాడు. పశువుల డాక్టరు గారికి చెప్పమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నేను చెబితే ఊరందరి గుడ్డూ ఆగిపోద్ది. రేపు నా మొహం ఎవడు చూత్తాడు?"

ఇక్కడ చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చేది, జబ్బు తేలాక తాము చంపించిన బతికున్న కోళ్ళకి, పాతిపెట్టించిన గుడ్లకి, మేతకి. అప్పటికే చచ్చిపోయినవాటికి రాదు. అంటే రోజులు గడిచేకొద్దీ, కోళ్ళు చచ్చేకొద్దీ, రైతుకి వచ్చే డబ్బు తగ్గిపోతుంది. ముందు చెప్పినవాడికే నాలుగు రూపాయలు మిగులుతాయి. మా తమ్ముడికి ఆ సంగతి తెలిసేసరికి ఒక షెడ్డు ఖాళీ అయిపోయింది. పాతికేళ్ళుగా కోళ్ళు పెంచుతున్న మనిషికి ఈ రూలు తెలియకపోతే ఆ తప్పు అతనొక్కడిదే అని నేననుకోను.

చచ్చిన కోళ్ళని కాలవలో పారేశారు. ఆ నీళ్ళే మనం తాగేది. ఏమవుతుంది?

డెల్టాలో ఉంటూ కాలవ గురించి భయపడకపోతేనే ఆశ్చర్యం. ధవళేశ్వరం నీరు కాలవలోకి, కాలవ నుంచి ఊరి మంచినీళ్ళ చెరువుకి, అక్కడి నుంచి ఫిల్టర్ బెడ్డుకి, ట్యాంకుకి, కుళాయికి. కాలవలో ఏది తేలినా అది మన బిందె వైపే వస్తున్నట్టు ఉంటుంది.

ఈ వైరస్ చల్లటి నీళ్ళలో రోజుల తరబడి బతకగలదు, అది నిజం. క్లోరిన్‌కి చస్తుంది, మరిగితే చస్తుంది, అదీ నిజమే. మీ ఊరి ఫిల్టర్లు ఎలా పనిచేస్తున్నాయో మీకే తెలుసు. అనుమానముంటే నీళ్ళు కాచి చల్లార్చుకోండి. కోళ్ళ సంగతి అటుంచి, కాలవ నీళ్ళు ఎప్పుడైనా కాచే తాగాలి.

నిజమైన ప్రమాదం వేరేచోట ఉంది. గోనెసంచి భుజానేసుకుని ఆ కోళ్ళని మోసుకెళ్ళి పారేసిన కూలివాడికి, గట్టున ఆ సంచిని చింపిన కుక్కకి, అదే నీళ్ళలో ఈదే పెరటి బాతులకి. ఆ ఫిబ్రవరిలో కాలవలో కోడి తేలుతుంటే గట్టు మీద రెండు రకాల మనుషుల్ని చూశాను. వీడియో తీసేవాళ్ళు ఒకరు. వెదురుగడతో దాన్ని పక్క ఊరి వైపు నెట్టేవాళ్ళు ఇంకొకరు.

చికెన్ తినొచ్చా, తినకూడదా? ఒక్క ముక్కలో చెప్పండి.

బాగా ఉడికితే తినొచ్చు.

ఒక్క ముక్క సరిపోదని నాకూ తెలుసు, అందుకని ఇంకాస్త. 70 డిగ్రీల వేడి ముక్క లోపలిదాకా చేరితే ఈ వైరస్ బతకదు. మనం కుతకుతలాడించి, నూనె పైకి తేలేదాకా దించం కదా, ఆ వేడి 70ని ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కాబట్టి కంచంలోకి వచ్చిన కూరతో పేచీ లేదు. పేచీ అంతా గిన్నె పొయ్యి మీదకి ఎక్కకముందే. బతికున్న కోడిని పట్టుకోవడం, కోయడం, ఈకలు పీకడం, పేగులు తీయడం. ఎక్కువ వైరస్ ఉండేది కోడి రెట్టలో, నోటి సొంగలో, లోపలి అవయవాల్లో. ఆదివారం పెరట్లో అమ్మ కోడిని శుభ్రం చేస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని చూసే పిల్లాడి గురించి ఎవరూ నన్ను అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదీ. కోడి కోసిన కత్తితోనే కీరా దోసకాయ తరిగే అలవాటు గురించీ ఎవరూ అడగలేదు. దుకాణంలో నిన్న కొన్న స్కిన్‌లెస్ గురించి మాత్రం నలభైమంది అడిగారు.

జబ్బు తేలిన ఫారాల చుట్టూ రెడ్ జోన్ అని ప్రకటించిన ఊళ్ళలో దుకాణాలు ఎలాగూ మూసేశారు. మిగతా చోట్ల తెరిచి ఉన్నా కొనే దిక్కు లేక కోడి రేటు పడిపోయింది. ఆదివారం ఉదయం క్యూ ఉండే మా చికెన్ కొట్టు కుర్రాడు ఆ రెండు వారాలూ ఫోన్లో క్రికెట్ చూసుకుంటూ కూర్చున్నాడు. మటన్ కొట్టు ముందు మాత్రం చెప్పుల వరస.

ఆఫ్ బాయిల్? బుల్స్ ఐ?

ఊళ్ళో జబ్బు ఉన్నన్నాళ్ళు వద్దు. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడాలి.

బళ్ళో గుడ్డు తినొద్దని మా పిల్లలకి చెప్పాం. తప్పు చేశామా?

ఇది నా కళ్ళముందు జరిగిన కథ, కాస్త ఎక్కువ రాస్తాను.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు వస్తుంది. వేల్పూరు, కానూరు పేర్లు బయటికొచ్చిన మర్నాడు మా తరగతిలో సగం మంది పిల్లలు గుడ్డుని కంచం అంచుకి నెట్టేశారు. కొందరు జేబులో వేసుకుని గోడ అవతల విసిరారు. వంట చేసే ఆవిడ ఆ సాయంత్రం నా దగ్గరకొచ్చి, "మేడమ్, నేను సరిగ్గా ఉడకబెట్టలేదనుకుంటున్నారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అసలు ఆమెనెవరూ ఏమీ అనలేదు. కానీ వందల గుడ్లు తిరిగొస్తే వండినవాళ్ళకి ఎలా ఉంటుంది!

మర్నాడు నేను తరగతిలో ఒక గుడ్డు పట్టుకెళ్ళి ఒలిచి తిన్నాను. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. ఆ పూట ఇద్దరు తిన్నారు, మర్నాడు నలుగురు. నేను బతికే ఉన్నానా అని రోజూ హాజరు వేసినట్టు చూశారు. వారానికి సగం మంది దారికొచ్చారు. మిగతావాళ్ళు ఇంట్లో అమ్మ ఒట్టు వేయించుకుందని చెప్పారు. అమ్మ ఒట్టుని నా సైన్సు దాటలేదు.

మీరు తప్పు చేశారని అనను. ఎవరూ వివరంగా చెప్పనప్పుడు తల్లి ముందుగా ఆపేది తిండినే. కాకపోతే పేదింటి పిల్లకి ఆ గుడ్డే ఆ రోజు మాంసకృత్తు. అది కూడా లెక్కలో వేసుకోవాల్సింది.

మరి అసలు ప్రమాదం ఎవరికి?

ఫారంలో పనిచేసేవాళ్ళకి. చచ్చినవాటిని ఎత్తేవాళ్ళకి. చికెన్ కొట్లో కోసేవాళ్ళకి. పెరటి కోళ్ళతో ఆడుకునే పసిపిల్లలకి. మనుషులకి ఈ వైరస్ సోకడం అరుదు. సోకితే మాత్రం మొండిది. 2003 నుంచి ప్రపంచంలో నమోదైన మనుషుల కేసుల్లో ఇంచుమించు సగం మంది చనిపోయారు. తేలిగ్గా వచ్చి పోయిన కేసులు లెక్కకి రాకపోయి ఉండవచ్చు, అయినా అది చిన్న మాట కాదు. 2021లో హర్యానా పిల్లాడు ఒకడు ఢిల్లీలో చనిపోయాడు. 2025 మార్చిలో మన రాష్ట్రంలోనే పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప చనిపోయింది. పచ్చి మాంసం ముక్క నోట్లో పెట్టుకుందని వార్తల్లో వచ్చింది. వండిన కూర కాదు, పచ్చి ముక్క.

కోళ్ళని చంపడానికి వెళ్ళిన బృందాలకి ఒళ్ళంతా కప్పే సూట్లు, కళ్ళద్దాలు, మాస్కులు ఇస్తారు, ముందు జాగ్రత్తగా టామీఫ్లూ మందు ఇస్తారు, తర్వాత కొన్నాళ్ళు జ్వరం చూస్తారు. ఆ సూట్ల ఫొటోలే జనాన్ని ఎక్కువ హడలగొట్టాయి. వాళ్ళకి అన్ని రక్షణలున్నాయి కాబట్టి వాళ్ళ గురించి అంత కంగారు అక్కర్లేదు. వాళ్ళు రావడానికి వారం ముందు లుంగీ కట్టుకుని, చెప్పుల్లేకుండా, షెడ్డులో చచ్చిన కోళ్ళని ఏరిన మనిషి ఫొటో ఏ పేపర్లోనూ రాలేదు.

మనిషి నుంచి మనిషికి వస్తుందా? ఇది ఇంకో కరోనా అవుతుందా?

ఇప్పటిదాకా అలా పాకడం లేదు. నేను పిల్లలకి తాళం, తాళంచెవి అని చెబుతాను. వైరస్ కణంలోకి వెళ్ళాలంటే దానికి సరిపోయే తాళం ఉండాలి. పక్షులకి సరిపోయే ఆ రకం తాళాలు మనిషికి ఎక్కువగా ఊపిరితిత్తుల లోతుల్లో ఉంటాయి, ముక్కులో గొంతులో తక్కువ. అందుకే తేలిగ్గా అంటుకోదు, తుమ్మితే దగ్గితే తేలిగ్గా పక్కవాళ్ళకి పోదు. లోపలిదాకా వెళ్తే మాత్రం న్యుమోనియా చేసి కూర్చుంటుంది.

శాస్త్రవేత్తలు దీని మీద ఒక కన్నేసి ఉంచడానికి కారణం, ఫ్లూ వైరస్‌లు రూపం మార్చుకుంటాయి. 2024లో అమెరికాలో పాడి ఆవులకి కూడా సోకింది, ఎవరూ ఊహించలేదు. ఈ మాట చెప్పగానే ఒకావిడ పాలు మానేస్తానంది. పాలు పొంగించుకోకుండా తాగే ఇల్లు మన దగ్గర ఎక్కడుందమ్మా!

రెడ్ జోన్ అన్నారు. అంటే ఊరు మూసేశారా?

ఊరు కాదు, కోళ్ళు. జబ్బు తేలిన ఫారం చుట్టూ ఒక కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళని చంపి, లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పాతిపెడతారు. పది కిలోమీటర్ల దాకా కోళ్ళూ గుడ్లూ కదలకుండా ఆపి శాంపిళ్ళు తీస్తారు. మనుషులు హాయిగా తిరగొచ్చు.

మాట పాతది కావడమే ఇక్కడ వచ్చిన చిక్కు. 2020 ఏప్రిల్‌లో రెడ్ జోన్ అంటే ఏమిటో ఒంటికి పట్టేలా నేర్చుకున్నాం. బారికేడ్లు, బ్లీచింగ్, పోలీసులు. అయిదేళ్ళ తర్వాత అదే మాట వినపడేసరికి మనసు అక్కడికే పోయింది. ఫిబ్రవరి పెళ్ళిళ్ళ నెల. మా బంధువు ఒకాయన రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, "పెళ్ళికి రావొచ్చా, దారిలో ఆపేస్తారా?" అని అడిగాడు. వచ్చాడు, బస్తాడు మాస్కులు కూడా తెచ్చాడు. పెళ్ళివాళ్ళు మెనూలోంచి చికెన్ తీసేసి రొయ్యలు పెట్టారు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు.

మా పెరటి కోళ్ళు నాలుగే. వాటినీ చంపాలా? పందెం పుంజులో?

కిలోమీటరు లోపల ఉంటే అవును, అన్నిటినీ. పెరటి కోడి అయితేనేం, ఫారం కోడి అయితేనేం, వైరస్‌కి తేడా లేదు. ఇది కష్టమైన మాటని నాకు తెలుసు. మన దగ్గర పందెం పుంజుకి ఇచ్చే మర్యాద ఇంటల్లుడికి కూడా ఇవ్వరు. జీడిపప్పు, బాదం, ఉడికించిన గుడ్డు, ఈత, నడక. డేగ అనో కాకి అనో నెమలి అనో పేరు పెట్టి పిలుస్తారు. దాన్ని తెచ్చి గోతిలో వెయ్యమంటే ఎవరికి చేతులు వస్తాయి?

అందుకే కొందరు రాత్రికి రాత్రి పుంజుని బుట్టలో పెట్టి, బండి మీద చుట్టాల ఊరికి పంపించేశారు. పుంజుని కాపాడుకున్నామని వాళ్ళనుకున్నారు. వైరస్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళే దారుల్లో ఇది ముఖ్యమైనది. గుడ్ల ట్రేలు, లారీ టైర్లు, మేత సంచులు, చెప్పుల అడుగులు, ఆ తర్వాత బుట్టలో కూర్చుని వెళ్ళే ప్రాణంకంటే ప్రియమైన పుంజు.

అయితే సంక్రాంతి పందేల వల్లే వచ్చిందా?

అలాగని ఎవరూ తేల్చలేదు. వందల పుంజులు ఒకచోట చేరి, ఒకే బరిలో రక్తం కలుస్తుంటే ఏ జబ్బుకైనా పండగే. అంతవరకే చెప్పగలను. అసలు పందేలకి కోర్టులు వద్దన్నాయి కదా అని మాత్రం నన్నడగకండి, మా ఇంట్లోనే దాని మీద ఓటింగు పెడితే నేనొక్కదాన్నే ఓడిపోతాను.

కొల్లేరు పక్షుల్ని చూడ్డానికి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. ఆటపాక గూడబాతులు మీ ఒళ్ళో వాలవు. వలస పక్షులు, నీటి పక్షులు ఈ వైరస్‌ని మోయగలవు, పైకి ఏమీ కనపడకుండా కూడా. చచ్చి పడిన పక్షిని ముట్టుకోకండి, రెట్ట తొక్కిన చెప్పులతో తిన్నగా కోళ్ళ గూడు దగ్గరికి వెళ్ళకండి. కోత అయ్యాక చేలల్లో తిరిగే బాతుల మందలకీ ఇదే మాట. బాతు హుషారుగానే ఉంటుంది, దాని వెనక నడిచిన కోడి చస్తుంది.

కరోనా వచ్చినప్పుడు కూడా చికెన్ మానేశాం కదా. అప్పుడూ ఇదేనా?

కాదు, కరోనాకీ కోడికీ ఏ సంబంధమూ లేదు. కానీ మనం చేసిన పని ఒక్కటే కాబట్టి ఆ రోజులు గుర్తు చేసుకోవడం మంచిది.

2020 జనవరి 30న కేరళలో దేశంలోనే మొదటి కేసు తేలింది. మన రాష్ట్రంలో మొదటిది మార్చి 12న నెల్లూరులో. ఈ రెండు తేదీల మధ్య మన దగ్గర ఒక్క కేసూ లేదు, అయినా చికెన్ కొట్లు ఈగలు తోలుకున్నాయి. ఎవరో ఫోన్లో కోడి ఫొటో పెట్టి కరోనా అని రాశారు, అది ఊరూరూ తిరిగింది. ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదికెక్కి అందరిముందూ చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. 2025లోనూ మన రాష్ట్రంలో ఉచిత చికెన్ మేళాలు పెట్టారు. రేటు పెట్టి కొనడానికి భయపడ్డ జనం, ఊరికే పెడుతుంటే తోసుకుంటూ వెళ్ళారు. దీన్నిబట్టి ఆ భయం ఎంత లోతుదో మీరే ఆలోచించండి.

2020 మార్చి చివరికి కథ మారిపోయింది. జనతా కర్ఫ్యూ, లాక్‌డౌన్. మా పక్క ఊరివాళ్ళు రోడ్డుకి అడ్డంగా ముళ్ళకంప వేశారు. మర్నాడు మేమూ వేశాం. పాలవాడు ఎటునుంచి రావాలో ఎవరూ ఆలోచించలేదు. గుమ్మాలకి వేపమండలు కట్టారు, పసుపునీళ్ళు చల్లారు. ఒక రాత్రి 'నిద్రపోయినవాళ్ళు రాళ్ళైపోతారట' అని పుకారు లేచింది. అర్ధరాత్రి ఒంటిగంటకి మా అత్తగారికి నాలుగు ఫోన్లు వచ్చాయి. ఆవిడ అందరికీ ఒకటే చెప్పింది: "రాయైతే మోకాళ్ళ నొప్పులైనా పోతాయి, పడుకోనీండి."

వేపమండలు కట్టినందుకు నేను నవ్వను. మశూచి ఉన్న రోజుల్లో అమ్మవారు పోసిన ఇంటికి వేపమండ కట్టేవారు. దాన్ని చూసి బయటివాళ్ళు లోపలికి వెళ్ళేవారు కాదు, లోపలివాళ్ళు బయటికి వచ్చేవారు కాదు. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. కానీ ఆ అలవాటులోని జ్ఞానం ఎక్కడో మిగిలే ఉంది. దూరంగా ఉండమని ఆ మండ చెప్పేది. 2020లో మండ కట్టి, దాని కిందే పదిమంది కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. అక్కడ చెడింది.

ఇంకోచోట ఇంకా ఘోరంగా చెడింది. మన డెల్టా నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. మా వీధిలో ఒకామె ఆ మార్చిలోనే తిరిగొచ్చింది. ఇంటి తలుపుకి కాగితం అంటించారు. ఆమెకి జ్వరం లేదు, దగ్గు లేదు. అయినా పద్నాలుగు రోజులయ్యాక కూడా ఆమె కుళాయి దగ్గరికొస్తే మిగతావాళ్ళ బిందెలు ఖాళీగానే వెనక్కి వెళ్ళిపోయేవి. పదేళ్ళు ఆమె పంపిన డబ్బుని వడ్డీకి తెచ్చుకున్నవాళ్ళే వాళ్ళంతా. 2025లో వేల్పూరు, కానూరు పేర్లు విని, ఆ ఊళ్ళ నుంచి వచ్చే కూలివాళ్ళని పనికి రావద్దన్న వాళ్ళని చూసినప్పుడు నాకామె బిందే గుర్తొచ్చింది.

తెలంగాణ బోర్డరులో మన కోళ్ళ లారీలు ఆపేశారు. అది అన్యాయం కాదా?

కోళ్ళలో జబ్బు ఉన్నప్పుడు కోళ్ళని ఆపడం సరైనదే. మనమూ అదే చేసేవాళ్ళం. మనుషుల్ని ఆపితే అన్యాయం.

వాట్సాప్‌లో వచ్చింది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

అన్నిటికీ పనికొచ్చే మంత్రం నా దగ్గర లేదు. ఊరి పేరు, తేదీ లేని వీడియోని నేను ముందుకి పంపను. మా పిల్లలు ఒకసారి తెచ్చిన 'మన కాలవలో వేల కోళ్ళు' వీడియోలో వెనక బోర్డు మీద అక్షరాలు తెలుగువి కావు. ఆ బోర్డుని ఎవరూ చూడలేదు, కోళ్ళనే చూశారు.

కోళ్ళకి దీనికి టీకా లేదా?

కొన్ని దేశాల్లో వేస్తారు. మన దేశంలో హెచ్5ఎన్1కి కోళ్ళకి టీకా వేసే పద్ధతి పెట్టుకోలేదు. జబ్బు తేలినచోట చంపి ఆపడమే మన విధానం.

చేపలు, రొయ్యలు?

తినొచ్చు. చచ్చిన కోళ్ళని చేపల చెరువుల్లో మేతగా వేశారని పుకారు వచ్చినప్పుడు చేపల రేటూ ఊగింది. కోడి వ్యర్థాలు చెరువుల్లో వేయడం నిషేధం, ఎవరైనా వేస్తుంటే చెప్పాల్సిందే. అయినా ఉడికిన చేపతో ఈ జబ్బు రాదు. చలికాలం పులస దొరికే సీజను కాదు కాబట్టి దాని గురించి మీరు టెన్షన్ పడక్కర్లేదు.

మా ఇంట్లో కోడి ఉన్నట్టుండి చచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ఒక్కటే చస్తే పాము కావచ్చు, ముసలితనం కావచ్చు. ఒకట్రెండు రోజుల్లో వరసగా చస్తుంటే కొయ్యకండి, "చచ్చేలోపు కోసుకుందాం" అనే మాట అసలే వద్దు. మన ఇళ్ళల్లో అన్నిటికంటే ప్రమాదమైన అలవాటు అదే. పిల్లల్ని, కుక్కల్ని దూరం పెట్టండి. ముక్కుకి గుడ్డ, చేతులకి కవర్లు లేకుండా ముట్టుకోకండి. పశువుల వైద్యం కోసం ఉన్న 1962 నంబరుకి ఫోన్ చేయండి, లేదా ఊళ్ళో పశువుల ఆసుపత్రికి చెప్పండి. వాళ్ళు వచ్చేదాకా కదపకుండా ఉంటే శాంపిల్‌కి పనికొస్తుంది. ముట్టుకున్నవాళ్ళకి వారం పదిరోజుల్లో జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం వస్తే డాక్టరుతో "కోళ్ళు చచ్చాయి, నేను ఎత్తాను" అని ముందు చెప్పండి. చాలామంది జ్వరం సంగతి చెబుతారు, కోళ్ళ సంగతి చెప్పరు.

షెడ్డులో మళ్ళీ కోళ్ళు ఎప్పుడు వేసుకోవచ్చు?

శుభ్రం చేయాలి, మందు కొట్టాలి, అధికారులు వచ్చి చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. సుమారు మూడు నెలలు ఖాళీగా ఉంచాలి. మా తమ్ముడు ఆ మూడు నెలలూ ఫారం వైపు వెళ్ళలేదు. కోడి కూతలు లేకపోతే నిద్ర పట్టడం లేదని ఆరుబయట మంచం తీసి లోపల వేసుకున్నాడు.

మేడమ్, మరి మీరు మళ్ళీ చికెన్ ఎప్పుడు వండారు?

అసలు మానలేదు అని చెబితే అబద్ధం. బళ్ళో పిల్లలముందు గుడ్డు తిన్న నేను, ఇంట్లో మూడు ఆదివారాలు చికెన్ తేలేదు. మా ఆయన ఏమీ అడగలేదు, నేను ఏమీ చెప్పలేదు. వంకాయ, కొరమీను, పప్పుచారుతో గడిచిపోయింది. నాలుగో ఆదివారం కొట్టు కుర్రాడు నేను వెళ్తుంటే కుర్చీలోంచి లేచి, "రండి టీచర్ గారూ, మీరొస్తే వీధంతా వస్తారు" అన్నాడు. కిలో తీసుకున్నాను. ఇంటికొచ్చి చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగి, ముక్క మెత్తబడ్డాక కూడా ఇంకో పావుగంట పొయ్యి మీదే ఉంచాను. ముక్క ఎముకని వదిలేసింది. ఇంట్లో ఎవరూ వంక పెట్టలేదు.